చప్పుడు లేకుండా ఆగిన కారు

ఆ సోమవారం ఉదయం పదీ పదికి రహదారి భద్రతా చైతన్య మండలి వారి తెల్ల కారు కార్యాలయం మెట్ల ముందు చప్పుడు లేకుండా ఆగింది. గొడవంతా అక్కడ మొదలైంది.

మండలి కార్యాలయం విశాఖలో ఒక కొండ మీద ఉంది. కింది నుంచి పైకి నాలుగు కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, ఏడు మలుపులు. రోడ్డెక్కిన ప్రతి మనిషికీ ప్రాణం విలువ తెలియజెప్పడం మండలి వారి పని. పోస్టర్లు అంటిస్తారు, పక్షోత్సవాలు జరుపుతారు, బడిపిల్లల చేత ప్రమాణాలు చేయిస్తారు. సంచాలకులు తటవర్తి శరభేశ్వరరావు గారు ఏడాదికి నూట యాభై సభల్లో మాట్లాడతారు. "యముడు ఎప్పుడూ వెనక సీట్లోనే కూర్చుంటాడు" అన్న నినాదం ఆయన సొంత బుర్రలోంచి పుట్టిందే. ఊరంతా గోడల మీద ఆ వాక్యం కింద ఆయన ఫొటో ఉంటుంది. ఆయన కూర్చునేదీ వెనక సీట్లోనే గానీ, ఈ సంగతి ఆయనతో అనేంత ధైర్యం ఇంతవరకు ఎవరికీ కలగలేదు.

ఆ కారు వెనక బ్రేకులు ఆరు నెలలుగా అరుస్తున్నాయి. మామూలు అరుపు కాదు. ఇనుము ఇనుమును రాసుకుంటే వచ్చే అరుపు, పళ్ళు జివ్వుమనే అరుపు. ఏడో మలుపు దగ్గర దాలినాయుడు బ్రేకు మీద కాలు వేస్తే మూడో అంతస్తులో వినబడేది. కార్యాలయంలో గంట చెడిపోయి ఏడేళ్ళయింది. అందుకని సిబ్బంది ఈ అరుపుకే "పెద్ద గంట" అని పేరు పెట్టుకున్నారు. పెద్ద గంట మోగగానే వేరుశనగ పొట్లాలు సొరుగుల్లోకి, క్యారమ్ బోర్డు బీరువా వెనక్కి, స్టోర్సు సూపరింటెండెంటు నిష్ఠల కామేశం గారి కాళ్ళు బల్ల మీంచి చెప్పుల్లోకి వెళ్ళిపోయేవి. సంచాలకులు లోపలికి అడుగుపెట్టేసరికి కార్యాలయం మొత్తం తలలు వంచుకుని రాసుకుంటూ ఉండేది. ఇంత క్రమశిక్షణ గల సిబ్బంది రాష్ట్రంలో ఎక్కడా లేరని ఆయన నమ్మకం.

ఆ సోమవారం గంట మోగలేదు. సంచాలకులు లోపలికి వచ్చేసరికి ఇద్దరు గుమాస్తాలు ఎర్రకాయ కోసం పోట్లాడుకుంటున్నారు. టైపిస్టు గోళ్ళకు రంగు వేసుకుంటోంది. కామేశం గారు క్రమశిక్షణ ఫైళ్ళ మీద కాళ్ళు చాపుకుని నోరు తెరిచి నిద్రపోతున్నారు. పన్నెండు మందికి మెమోలు వెళ్ళాయి. పదకొండున్నరకల్లా కార్యాలయంలో అందరి నోటా ఒకటే ప్రశ్న. కారు ఎందుకు అరవలేదు?

దానికి జవాబు మజ్జి దాలినాయుడు దగ్గర ఉంది.

దాలినాయుడు మండలి డ్రైవరు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో బండికి గీత పడనివ్వలేదు, కోడిపిల్లను కూడా తొక్కలేదు. రిటైరుమెంటుకు ఇంకా అయిదు నెలల పైనే ఉంది. అతని కోరిక చాలా చిన్నది. ప్రాణం, పింఛను, ఈ రెండూ చేత పట్టుకుని ఇంటికి చేరాలి. ఈ మండలిలో ఆ రెండూ ఒకేసారి దొరకడం కష్టమని అతనికి అప్పటికింకా తెలియదు.

బ్రేకుల గురించి అతను మూడు అర్జీలు పెట్టాడు. "బ్రేకులు అరుస్తున్నవి" అని మొదటి అర్జీ. "అరుపు యొక్క స్వభావమును సవివరముగా తెలియజేయవలెను" అని జవాబు వచ్చింది. ప్యాడ్లు పూర్తిగా అరిగిపోయి వాటి వెనకనున్న ఇనుప పలక, చక్రంతో పాటు తిరిగే డిస్కును దున్నేస్తోందని రెండో అర్జీ. "సదరు డిస్కులు స్టాకు రిజిస్టరునందు వినియోగములో ఉన్నట్లు నమోదై యున్నందున, కండెమ్ కానంత వరకు అవి అరిగినట్లు పరిగణింపజాలము" అని దానికి జవాబు. కండెమ్ అంటే ఫలానా సరుకు పనికిరాదని కమిటీ సంతకాలు పెట్టి తేల్చడం. ఆ సంతకాలు పడేదాకా విరిగిన కుర్చీ అయినా మండలి లెక్కలో నాలుగు కాళ్ళ మీద నిలబడి ఉన్నట్టే. మూడో అర్జీకి జవాబు రాలేదు. వినియోగంలో ఉన్న డిస్కులు మాత్రం వినియోగంలోనే ఉండి రోజురోజుకీ పలచబడిపోతున్నాయి.

రాత్రిళ్ళు కారు దాలినాయుడి ఇంటి దగ్గరే ఉండేది. అతని ఇల్లు కొండ కింద సందులో ఉంది. ఆ సోమవారానికి ముందురోజు, ఆదివారం పొద్దున్నే అతను ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టాడు. హ్యాండు బ్రేకు వదిలేశాడు. ఈ రకం కార్లలో హ్యాండు బ్రేకు కూడా వెనక డిస్కులనే పట్టుకుంటుంది కాబట్టి అది బిగించి ఉంటే పని సాగదు. జాకీతో వెనక భాగం లేపి, జాకీని నమ్మకుండా కింద ఇనుప స్టాండు కూడా పెట్టాడు. చక్రం ఊడదీసి, ప్యాడ్లను నొక్కే క్యాలిపర్ బోల్టులు విప్పాడు. బ్రేకు గొట్టం మీద బరువు పడకుండా క్యాలిపర్‌ను తీగతో స్ప్రింగుకు కట్టి వేలాడదీశాడు. లోపలి ప్యాడు బయటికి తీసి చూస్తే, గోరంత మందం కూడా లేదు.

భార్య ఎర్నమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. "ఏటి మావా, ఆఫీసోల్ల కారుకి నువ్వేల పూసుకుంటన్నావు? ఆల కారు, ఆల బ్రేకులు."

"కారు ఆలదేనే. అందులో కూకున్న పేనం నాది."

డిస్కును పట్టి ఉంచే స్క్రూ తుప్పుతో బిగుసుకుపోయింది. కిరసనాయిలు పోసి, ఒక బీడీ కాల్చుకుని వచ్చి, సుత్తితో నాలుగు పక్కలా తట్టాడు. డిస్కు ఊడి వచ్చింది. అంచున పెద్ద గట్టు మిగిలింది, మధ్యలో చాళ్ళు పడ్డాయి. తీగల బ్రష్షుతో తుప్పు గోకి, తన డబ్బుతో కొన్న కొత్త డిస్కుకు కంపెనీ వాళ్ళు పూసిన నూనె గుడ్డతో శుభ్రంగా తుడిచి ఎక్కించాడు. వెనక క్యాలిపర్‌లో ప్యాడును తోసే పిస్టను ఊరికే నొక్కితే లోపలికి పోదు, తిప్పుతూ నొక్కాలి. అది తెలియక విరగ్గొట్టుకున్న మెకానిక్కులను అతను చాలామందిని చూశాడు. కొత్త ప్యాడ్లు అమర్చి, రెండో పక్క కూడా పూర్తి చేశాక బండి కదపకముందే పెడలు పదిసార్లు తొక్కి గట్టిపడనిచ్చాడు. తర్వాత సందు చివరిదాకా నడిపి ఆపి చూశాడు. కారు తలవంచి నిలబడింది. ముప్పై ఒక్క ఏళ్ళలో దాలినాయుడు తన పనిని తానే మెచ్చుకున్న రోజులు నాలుగైదు ఉంటాయి. అందులో అదొకటి.

పాత డిస్కుల్లో ఒకటి ఎర్నమ్మ నీళ్ళ డ్రమ్ము మూత మీద పెట్టింది. కొండ మీంచి దిగే కోతులు రోజూ మూత తీసి నీళ్ళలో చేతులు కడుక్కుంటున్నాయి మరి. రెండోదాని మీద కుండ పెట్టుకుంది.

మంగళవారం దాలినాయుణ్ణి సంచాలకుల గదిలోకి పిలిచారు. కామేశం గారు నిలబడి అభియోగాలు చదివారు. నిద్రలో దొరికిపోయిన మనిషికి నిబంధనలు ఎంత బాగా గుర్తుకొస్తాయో ఆ రోజు తెలిసింది.

"ఒకటి. కండెమ్ కాని మండలి ఆస్తిని వాహనము నుండి వేరుచేయుట. రెండు. స్టాకు రిజిస్టరులో లేని వస్తువును వాహనమునకు తగిలించుట. దీనివలన సదరు వాహనము రెండు రోజులుగా అనధికారికముగా ఆగుచున్నది. మూడు." ఇక్కడ కామేశం గారు గొంతు సవరించుకున్నారు. "పై అధికారికి కానుక సమర్పించుట."

"కానుకేటి బాబూ?" అన్నాడు దాలినాయుడు.

"నువ్వు కొన్నది వెనక బ్రేకులా, కాదా?"

"వెనకయ్యే."

"వెనక సీట్లో ఎవరు కూర్చుంటారు?"

దాలినాయుడు సంచాలకుల వైపు చూశాడు. సంచాలకులు ఉలిక్కిపడి కుర్చీలో సర్దుకున్నారు. డ్రైవరు దగ్గర రెండు డిస్కులు, నాలుగు ప్యాడ్లు లంచం తిన్నారన్న మాట ఫైలెక్కితే ఇన్నేళ్ళ కీర్తీ గంగలో కలిసిపోతుంది.

"చూడు దాలినాయుడూ," అన్నారాయన, సభల్లో మాట్లాడే గొంతుతో. "నీ ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ ఉద్దేశానికి ఫైలు లేదు. భద్రత అంటే ఏమిటి? క్రమం. క్రమం అంటే ఏమిటి? ముందు కండెమ్, తర్వాత కొత్తది. నువ్వు ముందు భద్రత తెచ్చి తర్వాత క్రమం తెస్తానంటే ఈ మండలి ఎందుకు?"

"పాతయి పెడితే కొండ దిగీటప్పుడు పోతాం బాబూ. పిస్టను బయిటికొచ్చీసి ఆయిలు కారిపోతాది. పెడలు నేలకంటుకుపోద్ది."

"అది నీ అంచనా. రికార్డులో లేదు," అన్నారు కామేశం గారు.

మూడు రోజుల్లో యథాపూర్వ స్థితి పునరుద్ధరించాలని ఉత్తర్వు వెలువడింది. ఆస్తి ఎక్కడ విడదీయబడిందో అక్కడే తిరిగి తగిలించబడాలి. కాబట్టి గురువారం పొద్దున కండెమ్ కమిటీ స్వయంగా దాలినాయుడి సందులోకి వచ్చింది. కమిటీలో ముగ్గురు. అధ్యక్షురాలు అదనపు సంచాలకులు ప్రమీలాదేవి గారు. కన్వీనరు కామేశం గారు. సాంకేతిక సభ్యులుగా లిఫ్టుల విభాగం నుంచి అరువు తెచ్చిన ఇంజనీరు వరహాలశర్మ గారు. "కారు నిలువుగా కదలదు కాబట్టి నా అవగాహనకు కొన్ని పరిమితులున్నాయి" అని శర్మ గారు రాగానే చెప్పి చేతులు దులిపేసుకున్నారు.

డిస్కుల స్వాధీనానికి పంచనామా రాశారు. కుండ కింది డిస్కు సులువుగానే దొరికింది. డ్రమ్ము మీది డిస్కు తీస్తుంటే ఎర్నమ్మ అడ్డం వచ్చింది.

"మరి డ్రమ్ము మీద ఏటెట్టుకోమంటారు బాబూ? కోతులున్నాయి."

"కోతులు మండలి పరిధిలోకి రావు," అన్నారు కామేశం గారు.

"వచ్చీసినాయి గదా," అంది ఎర్నమ్మ, ముగ్గురి వైపూ చూసి.

దాలినాయుడు మళ్ళీ జాకీ వేశాడు. తన చేతులతో బిగించిన కొత్త డిస్కులను తన చేతులతోనే విప్పాడు. అరిగిన ప్యాడ్లు, చాళ్ళు పడిన డిస్కులు తిరిగి ఎక్కించాడు. కన్నబిడ్డకు కుళ్ళిన అన్నం కలిపి పెట్టమంటే ఎలా ఉంటుందో అతనికి అలా ఉంది. కమిటీ వారు టీ తాగుతూ ప్రతి బోల్టుకూ టిక్కు పెట్టారు. కొత్త డిస్కులను, ప్యాడ్లను "హక్కుదారు లేని వస్తువులు" అని రాసి స్టోర్సుకు పట్టుకుపోయారు. మర్నాడు ఏడో మలుపులో పెద్ద గంట మోగింది. కార్యాలయం గుండెల మీద చేతులు వేసుకుని ఊపిరి పీల్చుకుంది.

ఇక పాత బ్రేకులను కండెమ్ చేయడమే తరువాయి. కామేశం గారు ఫారం తీశారు. అందులో ఏడో గడి "వైఫల్యమునకు రుజువు: ప్రమాదము జరిగిన తేదీ, స్థలము, గాయపడిన వారి సంఖ్య." దాలినాయుడు ఎప్పుడూ ప్రమాదం చేయలేదు కాబట్టి ఆ గడి ఖాళీగా ఉంది. ప్రమాదం లేకపోతే బ్రేకులు విఫలం కాలేదన్నమాట. విఫలం కాని బ్రేకులను ఎలా కండెమ్ చేస్తారు?

"అంటే ఎవులో ఒకలు సస్తే గానీ కొత్త బ్రేకులు రావేటి?" అని అడిగాడు దాలినాయుడు.

"అంత మాట ఎందుకు? గాయమైనా సరిపోతుంది," అన్నారు ప్రమీలాదేవి గారు. ఆవిడ స్వతహాగా దయగల మనిషి.

చివరికి ఉమ్మడి తనిఖీ జరపాలని తేలింది. కమిటీ ముగ్గురూ కారెక్కి, కొండ పైనుంచి కిందికి దిగుతూ బ్రేకుల పనితీరును స్వయంగా గమనించాలి. సోమవారం నాలుగింటికి బయల్దేరారు. ముందు సీట్లో శర్మ గారు, వెనక ఇద్దరు. కామేశం గారి ఒళ్ళో ఫైలు.

పైనుంచి లెక్కపెడితే మొదటి మలుపు, రెండో మలుపు బాగానే గడిచాయి. దాలినాయుడు రెండో గేరు దాటనివ్వలేదు. మూడో మలుపులో బ్రేకు అరిచింది. నాలుగో మలుపులో అరవలేదు. పెడలు మెత్తగా, బురదలో కాలు దిగినట్టు దిగి నేలకు ఆనింది. మళ్ళీ తొక్కాడు. మళ్ళీ నేలకే ఆనింది. హ్యాండు బ్రేకు లాగితే ఖాళీగా పైకి వచ్చింది. ఎదురుగా అయిదో మలుపు, దాని అవతల లోయ, లోయ అవతల సముద్రం.

"అమ్మగోరూ, గట్టిగా అట్టుకోండి," అన్నాడు. గేరు ఒకటిలోకి దించాడు. ఇంజను గొంతు చించుకుంది. ఎడమ పక్క చక్రాలను కొండ వైపు మట్టిగట్టుకు రాపించాడు. మట్టి, రాళ్ళు ఎగిరి అద్దం మీద పడ్డాయి. మలుపు దగ్గర ఎవరో ఇల్లు కడుతూ ఇసుక పోశారు. ఆ గుట్టలోకి పోనిచ్చాడు. కారు బానెట్టు దాకా ఇసుకలో దూరి నిలబడింది.

శర్మ గారి కళ్ళజోడు ఆయన చేతిలోనే ఉంది గానీ ఆయన దానికోసం కాళ్ళ దగ్గర వెతుకుతున్నారు. ప్రమీలాదేవి గారు కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతున్నారు. నలుగురి ప్రాణాలు దక్కాయన్న సంతోషంతో దాలినాయుడికి ఏడుపొచ్చింది.

"సూసేరు గదా బాబూ? ఇప్పుడు రాయండి," అన్నాడు.

కామేశం గారు రుమాలుతో మొహం తుడుచుకుని, కలం మూత తీశారు. "వాహనము ఆగినది," అని రాశారు.

"ఇసకలో ఆగింది బాబూ!"

"ఎందులో ఆగిందన్నది ఫారంలో అడగలేదు."

"ఇది ప్రమాదం కాదేటి?"

అప్పుడు కామేశం గారు ఫైల్లోంచి రెండు కాగితాలు తీసి బానెట్టు మీది ఇసుక దులిపి పక్కపక్కన పెట్టారు. "చూడవయ్యా. ఇది ప్రమాదమే అంటావా, ఈ కాగితం మీద సంతకం పెట్టు. బ్రేకులు రేపే కండెమ్ చేస్తాం. కాకపోతే ప్రమాదం జరిగితే డ్రైవరు బాధ్యుడు. విచారణ నడుస్తుంది. విచారణ ముగిసేదాకా పింఛను ఆగుతుంది. ముగియడానికి పదేళ్ళు పట్టొచ్చు. ప్రమాదం కాదంటావా, ఈ రెండో కాగితం. బ్రేకులు సంతృప్తికరంగా ఉన్నాయని. ఏది కావాలో నీ ఇష్టం. మండలి ఎవరినీ బలవంతపెట్టదు."

దాలినాయుడు రెండు కాగితాలనూ చాలాసేపు చూశాడు. ఒకదాని మీద ప్రాణం ఉంది, రెండోదాని మీద పింఛనుంది. ఎర్నమ్మ మోకాళ్ళు అరిగిపోయాయి, పని చేసుకునే వయసు కాదు. పదేళ్ళు ఏం తిని బతకాలి? బండి విషయంలో ఇన్నేళ్ళలో ఒక్క అబద్ధం ఆడనివాడు, సిగ్గుతో తల దించుకుని రెండో కాగితం మీద సంతకం పెట్టాడు. కమిటీ ముగ్గురూ దాని కింద సంతకాలు చేశారు.

దాలినాయుడు ఇసుక తోడి, రివర్సు గేరులో కారును బయటికి తీసి, చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, వెనక తలుపు మర్యాదగా తెరిచి పట్టుకున్నాడు. "ఎక్కండి బాబూ, దింపీసొత్తాను. ఇంక రెండు మలుపులే."

ముగ్గురూ తలుపు వైపు చూశారు. తర్వాత రోడ్డు వైపు చూశారు. కింది నుంచి వస్తున్న ఆటోను ప్రమీలాదేవి గారే ముందు చూసి చెయ్యి ఊపారు. దాన్ని వెనక్కి తిప్పించి, ఒక్క ఆటోలో ముగ్గురూ సర్దుకుని కొండ దిగిపోయారు. కారును తాళ్ళు కట్టి లారీతో పైకి లాక్కెళ్ళారు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "సదరు వాహనము డ్రైవరు ప్రయాణమునకు సర్వవిధముల యోగ్యమైనది. అధికారుల ప్రయాణమునకు అద్దె వాహనము ఏర్పాటు చేయవలెను." అయితే అధికారి లేకుండా మండలి వాహనం కదలరాదని, అప్పటిదాకా ఎవరూ పట్టించుకోని ఇంకో పాత నిబంధన బయటపడింది. అధికారులెవరూ ఎక్కరు. అధికారి ఎక్కనిదే కారు కదలదు. అందువల్ల దాలినాయుడు రోజూ పదింటికి వచ్చి, చెట్టు కింద నిలబెట్టిన కారులో స్టీరింగు ముందు కూర్చుని, అయిదింటికి దిగి ఇంటికి వెళ్ళేవాడు. తిరిగిన కిలోమీటర్లు రాసే లాగ్ పుస్తకంలో రోజూ "సున్నా" అని రాసేవాడు. సంచాలకుల అద్దె కారు చప్పుడు చేయదు కాబట్టి ఏడో మలుపు దగ్గర ఒక అటెండరును ఈలతో నిలబెట్టారు.

అలా అయిదు నెలలు గడిచాయి. దాలినాయుడి పదవీ విరమణ రోజే మండలి వార్షికోత్సవం కూడా పెట్టారు. సిబ్బంది పెళ్ళాం పిల్లలతో వచ్చారు. ఎర్నమ్మ కూడా అద్దకపు చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది. సంచాలకులు వేదిక మీద గోడంత పటం విప్పించారు.

"ఈ గణాంకాలను పరిశీలించండి. పాత బ్రేకులతో అయిదు నెలలు. ప్రమాదాలు సున్నా. కొత్త బ్రేకులు పెట్టిన మొదటి రోజే బాధితులు పన్నెండు మంది." మెమోలు అందుకున్న పన్నెండు మందీ తలలు ఊపారు. "అందువల్ల కొత్త బ్రేకులు మనిషిలో అతివిశ్వాసం పెంచుతాయనీ, పాత బ్రేకులు వినయం నేర్పుతాయనీ రుజువైంది. నేటి నుంచి మండలి వాహనాలన్నిటికీ యథాస్థితి భద్రతా పథకం వర్తిస్తుంది. తొలి అడుగుగా మన సిబ్బంది బస్సుకు ఈ ఉదయమే కొత్త బ్రేకులు తీయించి, స్టోర్సులో భద్రపరిచిన పాతవి వేయించాం. సభానంతరం మీరంతా కుటుంబాలతో ఆ బస్సులోనే ఇళ్ళకు వెళతారు. అద్దె కారు పంపేశాను. నేనూ మీతోనే వస్తాను!"

చప్పట్లు మోగిపోయాయి. పొద్దున చెట్టు కింద కారులో కూర్చుని, బస్సు చక్రాల దగ్గర ఇద్దరు మనుషులు పని చేస్తుండటం దాలినాయుడు చూశాడు. కొత్తవి వేస్తున్నారనుకుని సంతోషించాడు కూడా.

"ఈ పథకానికి మూలపురుషుడు మన దాలినాయుడు!" సంచాలకులు శాలువా కప్పారు. పింఛను ఉత్తర్వు ఉన్న కవరు ఎడమ చేత పట్టుకుని, కుడి చేత్తో మైకు అందించారు. "రెండు ముక్కలు చెప్పు. తర్వాత ఇది తీసుకుందువుగాని."

దాలినాయుడు మైకు పట్టుకుని ముందు కవరు వైపు చూశాడు. తర్వాత హాలు వైపు చూశాడు. ముందు వరసలో టైపిస్టు ఒళ్ళో ఏడాది పాప శాలువా జరీ అంచు చూసి నవ్వుతోంది. అతనికి నాలుగో మలుపులో కాలి కింద మెత్తగా దిగిపోయిన పెడలు గుర్తొచ్చింది.

"నాను అబద్ధం సంతకం ఎట్టీసినాను," అన్నాడు. "ఆ కారు బ్రేకులు సచ్చిపోనాయి. ఇసకలో దూర్చి ఆపేను. ఈ అయిదు నెల్లూ అది చెట్టు కింద నుంచి ఒక అంగుళం కదల్నేదు, అందికే ఎవులూ సావనేదు. ఆ బస్సెక్కకండి. పిల్లలున్నారు. ఎక్కితే కింద దాకా రారు. కవరు ఇయ్యకపోతే మానీండి బాబూ, నాను మాత్రం సెప్పీసినాను."

సంచాలకులు కామేశం గారి వైపు చూశారు. కామేశం గారు ఫైలు తిప్పి, వేదిక మీదికి వంగి మెల్లగా చెప్పారు. "నోటి మాట సార్. నిర్ణీత ఫారంలో లేదు. రికార్డులోకి తీసుకోనక్కర్లేదు. సంతకం ఉన్న కాగితమే చెల్లుతుంది."

సంచాలకుల మొహం విప్పారింది. "మన డ్రైవరు గారు ఉద్వేగంలో ఉన్నారు. అది సహజం," అని కవరు దాలినాయుడి చేతిలో పెట్టేశారు. మళ్ళీ చప్పట్లు మోగాయి. అతను చెప్పింది అక్కడ ఎవరూ విననట్టే ఉంది.

బయట బస్సు తలుపు తెరుచుకుని సిద్ధంగా ఉంది. అందరూ దాని చుట్టూ మూగారు. "మీరు ముందు ఎక్కండి సార్," అన్నారు కామేశం గారు. "లేదు లేదు, ముందు మహిళలు," అన్నారు సంచాలకులు. "నాకు బస్సు పడదండీ, కళ్ళు తిరుగుతాయి," అన్నారు ప్రమీలాదేవి గారు. టైపిస్టు పాపను భుజాన వేసుకుని, ఎవరితోనూ ఏమీ అనకుండా రోడ్డు మీదికి నడిచింది. ఆవిడ వెనక గుమాస్తాలు, వాళ్ళ వెనక అటెండర్లు. చివరికి బస్సు డ్రైవరు కూడా తాళాలు జేబులో వేసుకుని చెప్పులు సరిచూసుకున్నాడు. ఖాళీ బస్సు ముందు ఒక్క నిమిషం నిలబడి, శరభేశ్వరరావు గారు గబగబా నడిచి అందరికన్నా ముందుకు వెళ్ళి, వార్షికోత్సవం బ్యానరు ఒక చివర తానే పట్టుకున్నారు. రెండో చివర కామేశం గారు అందుకున్నారు. మూడో మలుపు దగ్గర పత్రికల వాళ్ళు ఫొటో తీశారు. మర్నాడు అది "రహదారి భద్రతకై మండలి మహా పాదయాత్ర" అని అచ్చయింది.

దాలినాయుడూ ఎర్నమ్మా అందరికన్నా వెనక దిగుతున్నారు. ఎర్నమ్మ మోకాళ్ళు పట్టేస్తుంటే అతని భుజం పట్టుకుని నడుస్తోంది.

"మావా, ఈలందరూ నువ్వు సెప్పినప్పుడు సప్పట్లు కొట్టేసి ఊరుకున్నారు. నమ్మనేదేమో అనుకున్నాను."

"నమ్మీసినారే. కాయితం మీద కాదు గానీ," అన్నాడు దాలినాయుడు, "కాళ్ళతో నమ్మినారు." తర్వాత కవరు చొక్కా లోపలి జేబులో పెట్టుకుని, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని అయిదో మలుపు తిరిగాడు.